ముందు కన్ను, ఆ తర్వాతే గన్ను

(తీగ వెల్డింగ్ నేర్వదలచిన వారికి నాలుగు మాటలు)



వార్షిక సంచికకు ఏదైనా శాస్త్ర విషయం వ్రాసి ఇమ్మని యూనియన్ కుర్రాళ్ళు అడిగినప్పుడు అణువుల గురించో, నక్షత్రాల గురించో వ్రాద్దామనే అనుకున్నాను. ఆ సాయంత్రమే మా పాత విద్యార్థి ఒకడు ఇంటికి వచ్చాడు. బి.ఎస్‌సి. ప్యాసై, రెండేళ్ళు ఉద్యోగం కోసం తిరిగి, చివరకు ద్రాక్షారామం రోడ్డులో ఒక వెల్డింగ్ షాపులో చేరినవాడు. ఇప్పుడు సొంతంగా చిన్న తీగ వెల్డింగ్ మిషను కొన్నాడట.

"మేష్టారూ, మిషను కొనేశానండి. హెల్మెట్ ఏది కొనమంటారండి?" అన్నాడు.

"ఇన్నాళ్ళూ ఏం పెట్టుకున్నావురా?"

"చలువ కళ్ళజోడేనండి. చిన్న చిన్న టాకాలకైతే కళ్ళు మూసుకుని కొట్టేస్తామండి, ఆయ్!" అని నవ్వాడు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. అణువులనూ నక్షత్రాలనూ వచ్చే ఏడాదికి ఉంచి, ఆ రాత్రి వాడికి చెప్పిన మాటలే ఇక్కడ వ్రాస్తున్నాను.

ఒక రాత్రి అనుభవం

నేను ఇంటర్ చదివే రోజుల్లో మా వీధిలో ఒక ఇంటికి కిటికీ గ్రిల్లు బిగిస్తున్నారు. ఆ నీలి వెలుగు చూడముచ్చటగా ఉండి అరగంట సేపు నిలబడి చూశాను. అప్పుడేమీ కాలేదు. రాత్రి పన్నెండింటికి మెలకువ వచ్చేసరికి కళ్ళలో గుప్పెడు ఇసుక పోసి రుద్దినట్టుంది. రెప్ప తెరిస్తే నీరు, మూస్తే మంట. గుడ్డి దీపం వెలుగు కూడా సూదిలా గుచ్చుకుంది. "ఇక చూపు రాదేమో" అని మా అమ్మ ఏడ్చింది. ఎవరో చనుబాలు పిండమన్నారు, ఎవరో బంగాళాదుంప ముక్కలు కట్టమన్నారు. తెల్లవారి డాక్టరు గారి దగ్గరకు వెళితే సంగతి తెలిసింది.

దీనిని వెల్డర్లు "కన్ను కొట్టింది" అంటారు. ఎండకు ఒళ్ళు కమిలినట్టే, ఆర్క్‌లోని అతినీలలోహిత కిరణాలకు కంటి నల్లగుడ్డు మీది పలుచని పొర కమిలిపోతుంది. బాధ వెంటనే తెలియదు, ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత మొదలవుతుంది. అందుకే చూసేవాడికి భయం ఉండదు. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో మానుతుంది. కాని మళ్ళీ మళ్ళీ తగిలితే, పరారుణ కిరణాల వేడి కూడా ఏళ్ళ తరబడి తోడైతే, కంటికి శాశ్వతమైన చేటు జరగవచ్చు. వంటింటి వైద్యాలు కంట్లో వేయకండి. మొద్దుబారే చుక్కల మందును సొంతంగా తెచ్చుకొని వాడకండి. అది నొప్పిని దాచి పుండును పెంచుతుంది. డాక్టరుకు చూపించండి.

నల్లద్దం నంబరు అంటే ఏమిటి?

ఇక్కడ మన ఫిజిక్స్ కొంచెం పనికివస్తుంది. వెల్డింగ్ అద్దానికి షేడ్ నంబరు ఉంటుంది. నంబరు ఒకటి పెరిగితే లోనికి వచ్చే వెలుగు ముందున్నదానిలో సుమారు 37 శాతానికి పడిపోతుంది. ఈ లెక్కన 10వ నంబరు అద్దం గుండా 7 వేల వంతుల్లో ఒక వంతు వెలుగు మాత్రమే వస్తుంది. 11వ నంబరులో 19 వేల వంతుల్లో ఒక వంతు. మరి మామూలు చలువ కళ్ళజోడో? సుమారు పదో వంతును రానిస్తుంది! పదో వంతుకూ ఏడు వేలో వంతుకూ గల తేడాయే మా వాడి కళ్ళకు ఉన్న ప్రమాదం.

ఇక కళ్ళు మూసుకొని కొట్టడం సంగతి. రెప్ప పడేలోపే ఆర్క్ వెలుగుతుంది, వెలుగు మన రెప్ప కంటే వేగమైనది. పైగా మూసిన కళ్ళతో వేసిన టాకా ఎక్కడ పడిందో వేసినవాడికే తెలియదు.

తీగ వెల్డింగ్‌లో 60 నుంచి 160 ఆంపియర్ల వరకు 10 కంటే తక్కువ నంబరు వాడకూడదు. 11 అయితే హాయి. 160 దాటితే 12 మంచిది. ఏది సరిపోతుందో తెలియకపోతే ముందు నల్లనిదానితో మొదలుపెట్టండి. కరిగిన లోహపు మడుగు కనిపించకపోతే ఒక్క నంబరు తగ్గించండి, కాని కనీసపు హద్దు దాటి దిగవద్దు.

హెల్మెట్ కొనేటప్పుడు

చేతితో పట్టుకొనే షీల్డు మన షాపుల్లో ఎక్కువ. రాడ్డు వెల్డింగ్‌కు ఒక చెయ్యి చాలు గనుక అది నడిచిపోయింది. తీగ వెల్డింగ్‌లో రెండో చెయ్యి గన్ను మెడకు ఆసరా ఇవ్వాలి. అంచేత తలకు పెట్టుకొనే హెల్మెట్టే కావాలి.

ఇందులో రెండు రకాలు. మొదటిది ఎప్పుడూ నల్లగా ఉండే అద్దం. చవక, మన్నిక, బ్యాటరీ గొడవ లేదు. కాని ఆర్క్ వెలిగేదాకా లోపల చీకటే. గన్ను సరైన చోట పెట్టి, తల విదిల్చి ముసుగు దించుకొనేలోపు కొత్తవాడి చెయ్యి కదిలిపోతుంది. రెండవది తనంతట తానే నల్లబడే అద్దం. స్వీడన్ దేశపు హోర్నెల్ కంపెనీ దీనిని 1981లో స్పీడ్‌గ్లాస్ పేరుతో అమ్మకానికి తెచ్చింది. మీ చేతి గడియారంలో అంకెలు చూపే ద్రవ స్ఫటికాలే ఇందులోనూ పని చేస్తాయి. ముందున్న సెన్సర్లు ఆర్క్‌ను పసిగట్టగానే సెకనులో వేలవ వంతు కంటే తక్కువ కాలంలో అద్దం నల్లబడుతుంది. ఇంకొక సంగతి గుర్తుంచుకోండి. మంచి అద్దంలో అతినీలలోహిత, పరారుణ కిరణాలను ఆపే పొర ఎప్పుడూ ఉంటుంది. బ్యాటరీ అయిపోయినా ఆ రక్షణ పోదు, పోయేది నలుపు మాత్రమే.

నేర్చుకొనేవాడికి రెండవ రకమే మేలని నా అభిప్రాయం. కొనేముందు ఇవి చూడండి:

1. ప్రమాణం గుర్తు. వెల్డింగ్ కంటి, ముఖ రక్షణకు మన దేశంలో ఐ.ఎస్. 1179 అనే ప్రమాణం ఉంది. విదేశీ సరుకు మీద ఇ.ఎన్. 379 అని గాని, అన్సీ జెడ్ 87.1 అని గాని ఉంటుంది. ఏ గుర్తూ లేనిది ఎంత చవకైనా వద్దు.

2. అద్దం నాణ్యత. ఇ.ఎన్. 379 ప్రకారం నాలుగు అంకెలు వేస్తారు. 1/1/1/1 అన్నిటికంటే మంచిది. అంకె పెరిగినకొద్దీ బొమ్మ మసక.

3. సెన్సర్లు. రెండు కంటే నాలుగు మేలు. ట్రాక్టరు ట్రక్కు కిందికి దూరి పని చేసేటప్పుడు ఏ గొట్టమో అడ్డు వచ్చి రెండు సెన్సర్లూ మూసుకుపోతే అద్దం నల్లబడదు.

4. బరువు, తలపట్టీ. షాపులో ఐదు నిమిషాలు పెట్టుకొని తల వంచి చూడండి. మన ఎండల్లో మెడ నొప్పి పుట్టించే హెల్మెట్ మూడో రోజుకే గోడకు వ్రేలాడుతుంది.

5. పైపలక. నిప్పురవ్వలు పడేది దాని మీదే. విడిగా దొరుకుతుందో లేదో అడగండి. రవ్వలకు మసకబారిన పలక గుండా చూస్తూ "నాకు చూపు తగ్గింది" అనుకొనేవారు ఉన్నారు.

హెల్మెట్ కింద తెల్ల కళ్ళజోడు కూడా ఉండాలి. చిట్టెం కొట్టేటప్పుడు ముసుగు ఎత్తేస్తాం కదా, పెచ్చు ఎగిరేది అప్పుడే.

ఒక్క మాటలో చెప్పాలంటే, హెల్మెట్ కన్ను కాపాడే కవచమే కాదు, పని నేర్పే పుస్తకం కూడా. మడుగు ఎటు పారుతోందో, అంచులు తడుస్తున్నాయో లేదో కనిపించనివాడికి గురువు ఎంత చెప్పినా చెయ్యి తిరగదు.

మిషను మర్మం

తీగ వెల్డింగ్ 1948లో అమెరికాలోని బాటెల్ పరిశోధన సంస్థలో రూపు దిద్దుకొన్నది. మొదట ఖరీదైన వాయువులతో అల్యూమినియం వంటివాటికి వాడారు. 1950ల మొదట్లో బొగ్గుపులుసు వాయువు సరిపోతుందని తేలడంతో ఇనుము పనికి చవకగా అందింది. అందుకే మన షాపుల్లో దీనిని సి.ఓ.టూ వెల్డింగ్ అంటారు.

రాడ్డు వెల్డింగ్‌లో రాడ్డు కరిగేకొద్దీ చేతిని దించుతూ పోవాలి. ఇక్కడ మోటారు తీగను నెడుతూ ఉంటుంది. తీగ వేగం పెంచితే ఆంపియర్లు పెరుగుతాయి. వోల్టేజి ఆర్క్ పొడవును నిర్ణయిస్తుంది. చెయ్యి కొంచెం పైకి లేచి ఆర్క్ పొడవైతే కరెంటు తగ్గి తీగ నెమ్మదిగా కరుగుతుంది, ఆర్క్ మళ్ళీ పాత పొడవుకే వస్తుంది. అంటే మిషను తన తప్పును తానే దిద్దుకొంటుంది. కొత్తవాడికి ఇది త్వరగా పట్టుబడడానికి కారణం ఇదే.

వాయువుతో వాడే మామూలు తీగకు గన్ను పాజిటివ్‌కు ఉండాలి. వాయువు అవసరం లేని మందు తీగ చాలావాటికి నెగటివ్‌కు ఉండాలి. చాలామంది మొదటి రోజు పడే అవస్థ ఇక్కడే. తీగ పెట్టె మీద వ్రాసింది చదవండి.

చేతి పాఠం

3 మిల్లీమీటర్ల పలక తీసికోండి. తుప్పు, రంగు గ్రైండరుతో పోగొట్టండి. ఎర్తు క్లాంపు మెరిసే ఇనుముకే పట్టాలి. 0.8 మిల్లీమీటర్ల తీగ, 110–120 ఆంపియర్లు, 18–20 వోల్టులు, వాయువు నిమిషానికి 10–15 లీటర్లు. ఇది మొదలు మాత్రమే. ఆపైన చెవే కొలత. సరిగా కుదిరిన ఆర్క్ మూకుడులో పోపు చిటపటలాడినట్టు ఒకే తీరుగా మ్రోగుతుంది. టపటపమని గన్ను వెనక్కు తంతుంటే తీగ వేగం ఎక్కువ. బుస్సుమని తీగ చివర బంతి కడుతుంటే వేగం తక్కువ.

గన్ను మొన నుంచి తీగ 10–12 మిల్లీమీటర్లు బయటికి ఉండాలి. గన్నును 10–15 డిగ్రీలు వంచండి. మోచేయి బల్లకు ఆనించండి. మీటా నొక్కే ముందు ఒకసారి ఉత్త చేత్తో ఆ దారి అంతా నడిపి చూడండి. ఇక ఆర్క్ వెలిగాక ఆ వెలుగును చూడకండి, దాని వెనుక కరిగిన మడుగును చూడండి. చూపు మడుగు ముందంచు మీద ఉంటే చెయ్యి తానే వెళుతుంది.

ముందు పలక మీద ఉత్త గీతలు యాభై వేయండి. తర్వాత పలక మీద పలక అతుకు, ఆ తర్వాత నిలువు పలక మూల అతుకు. మూలలో గన్ను 45 డిగ్రీల్లో ఉండాలి. ప్రతి ముక్కనూ బెంచీకి బిగించి సుత్తితో వంచి విరగ్గొట్టండి. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. తీగ వెల్డింగ్‌లో పైకి ముత్యాల సరంలా కనిపించే అతుకు లోపల ఇనుమును పట్టుకోకుండా ఊరికే అంటుకొని ఉండవచ్చు. గేటుకైతే పరవాలేదనుకుంటారేమో, ధాన్యం బస్తాలు మోసే ట్రక్కు కొక్కేనికి అలాంటి అతుకు పడితే నడిరోడ్డు మీద మనుషుల ప్రాణాలకే ముప్పు. విరగ్గొట్టి చూసినవాడే ధైర్యంగా అతుకు వేయగలడు.

మన ఊరి తంటాలు

పుస్తకాల్లో లేనివి కొన్ని. మన షాపులు వీధి వైపు తెరిచి ఉంటాయి. మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి గాలి లేచిందంటే వాయువు తెర చెదిరిపోయి అతుకు నిండా బొరియలు పడతాయి. పంకా గాలికీ అంతే. రేకు అడ్డం పెట్టండి, లేదా మందు తీగ వాడండి. వానాకాలంలో తీగ చుట్ట తుప్పు పడుతుంది. సాయంత్రం తీసి ప్లాస్టిక్ సంచిలో కట్టి ఉంచండి.

సార్వా దమ్ములకు ముందు బురద పట్టిన ఇనుప చక్రాలు బారులు తీరుతాయి. బురద, తుప్పు వదలని ఇనుముకు తీగ కంటే రాడ్డే నయం. కొత్త మిషను కొన్న మోజులో పాత హోల్డరును పారేయకండి. జింకు పూత గొట్టాలు కాలిస్తే వచ్చే తెల్లపొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది. పూత గీకి, గాలి ఆడే చోట పని చేయండి. పొగ సంగతి తేలిక కాదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో వెల్డింగ్ పొగనూ, వెల్డింగ్ అతినీలలోహిత కిరణాలనూ మనిషికి క్యాన్సర్ కలిగించేవాటిలో చేర్చింది.

లుంగీ, హవాయి చెప్పులు వద్దు. పూర్తి చేతుల నూలు చొక్కా, బూట్లు, తోలు గ్లౌజులు ఉండాలి. టెరికాటన్, పాలిస్టరు బట్టలు కరిగి ఒంటికి అంటుకొంటాయి. రవ్వలు 30 అడుగులకు పైగా ఎగరగలవు. కళ్ళం దగ్గర, గడ్డివాము దగ్గర, తాటాకు పాక పక్కన పని ముగిశాక కనీసం అరగంట కాపలా ఉండండి. నూనె, డీజిలు పట్టిన మూసిన పీపాను ఎవరు బతిమాలినా ముట్టుకోవద్దు.

చివరి మాట

మన ప్రాంతపు కుర్రాళ్ళు ఎందరో ఈ విద్యతోనే కువైట్, ఖతార్, దుబాయి వెళ్ళి ఇళ్ళు నిలబెట్టారు. ఐ.టి.ఐ.లో వెల్డర్ ట్రేడు ఏడాది కోర్సే. డిగ్రీ చదివినవాడు గన్ను పట్టడం నామోషీ అనుకోకండి. అయితే డిగ్రీ చదివినందుకు ఒక బాధ్యత మీ మీద అదనంగా ఉంది. ఎందుకు కన్ను మండుతుందో మీకు తెలుసు. తెలిసినవాడు తెలియనివాడికి చెప్పాలి.

మా వాడు మరునాడే కాకినాడ వెళ్ళి హెల్మెట్ కొన్నాడు. పది రోజులకు మళ్ళీ వచ్చి, "మడుగు కనిపిస్తోందండి మేష్టారూ! ఆరేళ్ళుగా ఈ పని చేస్తున్నానండి, మడుగు చూడడం ఇప్పుడేనండి" అన్నాడు. నాకు సంతోషమైంది. కాని ఇంకొక పని చెప్పాను. షాపు ముందు మనిషెత్తు రేకు తడిక ఒకటి నిలబెట్టమన్నాను. సాయంత్రం బడి వదిలాక సంచులు భుజాన వేసుకొని ఆ నీలి వెలుగును నోరు తెరుచుకొని చూసే పిల్లలకు హెల్మెట్ ఎవరు కొనిపెడతారు?

"ఆయ్, రేపే పెట్టేస్తానండి" అన్నాడు. పెట్టాడు కూడా. మీలో ఎవరైనా అటు వెళితే చూడండి.