కోణాన్ని టేపుతో కొలువు



ఫ్రేము మూలలు సరిగ్గా తొంభై డిగ్రీలు రావాలంటే ఏ ప్రొట్రాక్టర్ కొనాలని అడిగావు. ఏదీ కొనకు. పైపు ఫ్రేము కట్టేవాడికి కోణం చూపించే అసలు పనిముట్టు టేపే. చేతిలో ఇమిడే ప్రొట్రాక్టర్ మీద నమ్మకంగా చదవగలిగేది ఒక డిగ్రీ, కన్ను చురుగ్గా ఉంటే అర డిగ్రీ. ఆ ఒక్క డిగ్రీ తేడా మీటరు దూరం పోయేసరికి 17.5 మిల్లీమీటర్లవుతుంది. 900 మిల్లీమీటర్ల వెడల్పున్న గేటు రెక్క మూల దగ్గర ఒక డిగ్రీ వాలితే, అవతలి అంచు దాదాపు 16 మిల్లీమీటర్లు కిందికి దిగి నేలని గీరుతుంది. మూల దగ్గర కంటికి ఆనని తప్పు అవతలి అంచులో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే కోణాన్ని మూల దగ్గర వెతకొద్దు. పైపు ఎంత దూరం పోతే అంత దూరంలో, పొడవుగా మార్చి కొలువు.

ఒక ఫ్రేమునే తీసుకుందాం. 40 మిల్లీమీటర్ల స్క్వేర్ పైపు, బయటి కొలత 1240, 940. పైపు పై ముఖం మీద వెడల్పుకి సరిగ్గా సగంలో, అంటే అంచు నుంచి 20 దగ్గర, నాలుగు వైపులా గీతలు గీయి. అవి కలిసే నాలుగు చోట్ల సెంటర్ పంచ్‌తో చిన్న చుక్క పెట్టు. ఇప్పుడు చుక్క నుంచి చుక్కకి ఒక వైపు 1200, ఇంకో వైపు 900, మూల నుంచి ఎదురు మూలకి 1500 రావాలి. మూడు, నాలుగు, అయిదు లెక్క ఇదే. ఇంటి పునాదికి ముగ్గు పోసే మేస్త్రీ తాడుతో చేసేదీ ఇదే. దీని వెనకున్న సూత్రం యజ్ఞవేదికల కొలతలు చెప్పే బౌధాయన శుల్బసూత్రంలోనే ఉంది. పైపు బయటి మూల గుండ్రంగా ఉంటుంది కాబట్టి టేపు కొక్కెం అక్కడ జారిపోతుంది. చుక్కలు పెట్టమన్నది అందుకే. కొక్కేన్ని వదిలేసి 100 గీతను ఒక చుక్క మీద పెట్టి, చివర్లో వంద తీసెయ్యి. ఈ ఫ్రేము ఒక్క డిగ్రీ క్రాస్ పోతే రెండు కర్ణాల మధ్య తేడా ఎంతో తెలుసా? 25 మిల్లీమీటర్లు. టేపు మీద ఒక మిల్లీమీటరు తేడా పట్టుకోగలిగితే డిగ్రీలో ఇరవై అయిదో వంతు పట్టుకున్నట్టే. చేతిలో ఇమిడే మామూలు ప్రొట్రాక్టర్ ఏదీ అంత సన్నంగా చూపించదు.

కర్ణాలు సమానమైతే ఫ్రేము మూలమట్టానికి వచ్చినట్టేనా అని నువ్వు అడగొచ్చు, అడగాలి కూడా. కాదు. పై పైపు ఒక కొలత, కింది పైపు ఇంకో కొలత అయినా, పక్క పైపులు రెండూ ఒకే పొడవుంటే కర్ణాలు సమానంగా రావచ్చు, మూలలు మాత్రం తప్పుతాయి. అందుకే ముందు ఎదురెదురు పైపుల్ని పక్కపక్కన పెట్టి పొడవులు కలిపి చూసుకో, ఆ తర్వాతే కర్ణాలు. ఇంకో మోసం కూడా ఉంది. ఫ్రేము మెలి తిరిగి ఒక మూల పైకి లేచినా కర్ణాలు సమానంగానే ఉండొచ్చు. మూల నుంచి మూలకి రెండు దారాలు బిగించి కట్టు. మధ్యలో ఒకదాన్నొకటి ఒత్తుకోకుండా తాకితే ఫ్రేము చదునుగా ఉన్నట్టు. సందున్నా, ఒకటి రెండోదాన్ని నెట్టినా మెలి ఉన్నట్టు. పై దారాన్ని కిందికి మార్చి ఇంకోసారి చూస్తే అనుమానం తీరుతుంది.

మూలలో పైపుల్ని తొంభైకి పట్టి ఉంచే వెల్డింగ్ మాగ్నెట్ పెడితే చాలు, ఇదంతా ఎందుకని షాపులో అంటారు. మాగ్నెట్ మూడో చెయ్యి, అంతే. దాని అంచు పొడవు ఏ వంద మిల్లీమీటర్లో ఉంటుంది. ఒక కొసన అర మిల్లీమీటరు రవ్వ ఇరుక్కుంటే 1200 పైపు అవతలి కొసన 6 మిల్లీమీటర్లు తప్పిపోతుంది. పైగా డీసీ మిషనైతే దగ్గరున్న మాగ్నెట్ ఆర్క్‌ని పక్కకి లాగేస్తుంది. పైపు నిలబెట్టుకోవడానికి వాడు, తీర్పు మాత్రం దానికి వదలకు. మూలమట్టం సంగతి వేరు, అది నిజమైన పనిముట్టే. కానీ దాన్నీ పరీక్షించాలి. తిన్నని అంచుకి ఆనించి ఒక గీత గీసి, మట్టాన్ని తిరగేసి అదే చోట ఇంకో గీత గీయి. రెండూ విడిపోతే ఆ ఎడం మట్టంలో ఉన్న తప్పుకి రెట్టింపు.

కటింగ్ సరిగ్గా ఉంటే కోణం దానంతటదే వస్తుందన్న మాటలో సగం నిజముంది. కటింగ్ మిషను మీద 45 దగ్గర ముల్లు పెట్టినా చక్రం సన్నం కాబట్టి నొక్కితే పక్కకి వంగుతుంది. అర డిగ్రీ తప్పిందనుకో, మూలలో రెండు కోతలు కలిసి ఒక డిగ్రీ అవుతుంది. నాలుగు మూలలకి 364. నాలుగు భుజాల ఫ్రేముకి 360కి మించి చోటు లేదు గనక, మిగిలిన నాలుగు డిగ్రీలూ సందులుగా తేలతాయి. మన పైపుకి మూలకి ఒక మిల్లీమీటరు. రెండు మిల్లీమీటర్ల మందం పైపులో ఆ సందు నింపాలంటే రాడ్డు ఎక్కువ కరగాలి. ఎక్కువ లోహం చల్లారితే ఎక్కువ లాగుతుంది. కోత తప్పు అలా వేడి తప్పుగా మారుతుంది.

ఆ లాగుడు గురించి నిదానంగా చదువు, పని చెడేది ఎక్కువగా ఇక్కడే. కరిగిన ఉక్కు గట్టిపడి చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది, పైపుని తన వైపు లాక్కుంటుంది. మూల లోపలి వైపు టాకు, అంటే పైపుల్ని పట్టి ఉంచే చిన్న వెల్డు, వేస్తే కోణం మూసుకుంటుంది, బయటి వైపు వేస్తే తెరుచుకుంటుంది. పై ముఖం ఒక్కటే పూర్తిగా వెల్డ్ చేసేస్తే ఫ్రేము అటే పైకి లేస్తుంది. కాబట్టి మూలకి చిన్న టాకొకటి వేసి ఎదురు మూలకి వెళ్లు. నాలుగు మూలలూ అయ్యాక కర్ణాలు చూడు. ఒకటి 1503, ఇంకోటి 1497 వచ్చాయనుకో, పొడుగు కర్ణాన్ని క్లాంపుతో దగ్గరికి లాగు. టాకులు ఇంకా చిన్నవే కాబట్టి వంగుతాయి. క్లాంపు తీశాక కొంత వెనక్కి వస్తుంది, అందుకని 1500 దాటించి ఒక పిసరు ఎక్కువే లాగాలి. కొలత కలిశాకే ఎదురు ముఖాల మీద టాకులు, ఆ తర్వాత ఒక్కో మూలకి కొంచెం కొంచెంగా, తిరగేస్తూ వెల్డింగ్. బల్లకి గట్టిగా బిగించేస్తే కదలదు కదా అంటావు. కదలదు, కానీ ఆ లాగుడు లోపలే ఉండిపోయి క్లాంపులు విప్పగానే కొంత బయటపడుతుంది. ఒకే కొలతలో ఇరవై గేట్లు కట్టాలంటే జిగ్ మేలే. కానీ మొదటి గేటు జిగ్ నుంచి తీసి, చల్లారాక కొలిచి చూసిన తర్వాతే రెండోది మొదలుపెట్టు. వేడిగా ఉన్నప్పుడు కొలవకు. మీటరు ఉక్కు వంద డిగ్రీలు వేడెక్కితే 1.2 మిల్లీమీటర్లు పెరుగుతుంది, ఆ కొలత నమ్మరానిది.

అన్ని మూలలూ తొంభై కావు, నిజమే. రేకుల షెడ్డుకి పది డిగ్రీల వాలు కావాలంటే మీటరుకి 176 మిల్లీమీటర్లు లేపు, అది కూడా పొడవే. మరేదో కోణం కావాలంటే నేల మీద సుద్దతో 573 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో చాపం గీయి. ఆ వృత్తం చుట్టుకొలత 3600 కాబట్టి, చాపం వెంట టేపుని వంచి కొలిచే ప్రతి పది మిల్లీమీటర్లూ ఒక డిగ్రీ. 37 డిగ్రీలకి 370 దగ్గర గుర్తు పెట్టి, కేంద్రం నుంచి గీత లాగి, పైపుల్ని ఆ గీతల మీదే పరిచి టాకులు వెయ్యి. అరచేతిలో పట్టే బ్రాకెట్లకి మాత్రం ఈ వాదన నిలవదు. అంత చిన్న ముక్కలో ఒక మిల్లీమీటరే దాదాపు అర డిగ్రీ అయిపోతుంది, అక్కడ మంచి మూలమట్టమే దిక్కు.

ఈసారి రాసేటప్పుడు, నువ్వు కడుతున్న గేటు ఫ్రేముకి టాకులు వేశాక ఒకసారి, వెల్డింగ్ అయి పూర్తిగా చల్లారాక ఒకసారి రెండు కర్ణాలూ కొలిచి, నాలుగు అంకెలూ రాయి. ఏ మూల ఎంత లాగిందో వాటిని బట్టి చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య