తెర మీది కత్తి

పాఠ్యభాగ ఉద్దేశం

సాంకేతిక విషయాలను తెలుగులో చదివి అవగాహన చేసుకొనే శక్తిని విద్యార్థులలో పెంపొందించడం, కంప్యూటర్ యుగంలో చేతిపనికి గల స్థానాన్ని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

నేపథ్యం

హైదరాబాదు నగరానికి ఉత్తరాన ఉన్న కుత్బుల్లాపూర్ ప్రాంతం యంత్రోపకరణాల పనికి పేరెన్నికగన్నది. వీడియో ఆటలో కనిపించే ఒక కత్తికి ప్రతిరూపాన్ని, అక్కడి వర్క్‌షాపులలో ఉండేటటువంటి మిల్లింగ్ యంత్రంపై తయారు చేయవలెనంటే ఏమేమి తెలిసి ఉండాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

పాఠం

ధర్మరాజుకు మయుడు నిర్మించి ఇచ్చిన సభలో దుర్యోధనుడు నేలను చూసి నీరనుకొన్నాడు. నీటిని చూసి నేల అనుకొన్నాడు. కంటికి కనిపించినది కాలికి తగలలేదు. నేటి వీడియో ఆట కూడా ఒక విధమైన మయసభయే. అందులోని కత్తికి రూపం ఉంది, రంగు ఉంది. బరువు లేదు, గట్టితనం లేదు. ఆ కత్తిని నిజంగా చేతబట్టుకొని చూడాలనే ముచ్చట ఆటను అభిమానించే యువతరంలో ప్రపంచమంతటా కనిపిస్తుంది. ఆటలలోని ఆయుధాలను, కవచాలను, కిరీటాలను పోలిన వస్తువులను కొందరు స్వయంగా తయారు చేసుకొంటారు. వాటిని ధరించి హైదరాబాదులో జరిగే కామిక్ కాన్ వంటి వేడుకలకు వెళ్తారు. ఇట్టి వస్తువునే ప్రతిరూపం అంటారు. ఇది పిల్లల సరదాగా తోచవచ్చు. కాని తెర మీది బొమ్మను లోహంలోకి తేవడానికి పూనుకొన్నవాడు గణితాన్ని, లోహ స్వభావాన్ని, పనిముట్ల మర్మాన్ని ఒక్కసారిగా ఎదుర్కొనవలసి వస్తుంది.

యంత్రాలు పుట్టిన చోటు

యంత్రాలను తయారు చేసే యంత్రాలకు యంత్రోపకరణాలని పేరు. 1960వ దశకంలో హిందూస్థాన్ మెషిన్ టూల్స్ సంస్థ కుత్బుల్లాపూర్ పరిసరాలలో తన కర్మాగారాన్ని స్థాపించింది. చింతల్ సమీపంలోని హెచ్.ఎం.టి. కాలనీ పేరు నేటికీ ఆ చరిత్రను గుర్తు చేస్తుంది. పొరుగునే ఉన్న బాలానగర్‌లో 1968లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఏర్పడింది. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థ దీని స్థాపనకు సహకరించాయి. పదవ తరగతి ముగించిన విద్యార్థులకు డైలు, మౌల్డుల తయారీలో డిప్లొమా చదువు చెప్పే సంస్థ ఇది. వీటి చెంతనే జీడిమెట్ల పారిశ్రామికవాడ పెరిగింది. పెద్ద కర్మాగారాల వైభవం కాలక్రమంలో తగ్గినా, చిన్న షెడ్లలో లేత్‌ల చప్పుడు ఆగలేదు. నేడు ఆ షెడ్లలో కంప్యూటర్ ఆజ్ఞల మేరకు నడిచే యంత్రాలు కూడా చేరాయి.

యంత్రానికి చెప్పే మాట

లేత్ యంత్రంలో జాబ్ తిరుగుతుంది. పనిముట్టు దానిని తాకి చెక్కుతుంది. మిల్లింగ్ యంత్రంలో ఇందుకు భిన్నంగా పళ్లు గల కట్టర్ తిరుగుతుంది. బల్లపై బిగించిన జాబ్ దాని కిందికి కదులుతుంది. కుడి ఎడమలు, ముందు వెనుకలు, కింద మీదులు అనే మూడు దిక్కుల కదలికలతో ఎటువంటి ఆకారాన్నయినా చాలావరకు చెక్కవచ్చు. పూర్వం ఈ కదలికలన్నింటినీ ఆపరేటర్ చక్రాలు తిప్పుతూ స్వయంగా నడిపేవాడు.

అమెరికాలో జాన్ పార్సన్స్ అనే పారిశ్రామికుడు 1940వ దశకం చివర హెలికాప్టర్ రెక్కల పనిలో ఉన్నప్పుడు, వాటి వంపులను చేతి లెక్కతో సరిగా చెక్కడం కష్టమని గ్రహించాడు. వంపును అంకెలుగా మార్చి, ఆ అంకెలతోనే యంత్రాన్ని నడపవచ్చునని ఆలోచించాడు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఇంజనీర్లు ఈ ఆలోచనను ముందుకు తీసుకొని పోయి, 1952లో చిల్లుల కాగితపు పట్టీ చెప్పినట్లు నడిచే మిల్లింగ్ యంత్రాన్ని ప్రదర్శించారు. నేడు పట్టీ స్థానంలో కంప్యూటర్ ఫైలు వచ్చింది. జి00 అంటే వేగంగా కదలడం, జి01 అంటే చెప్పిన వేగంతో తిన్నగా చెక్కడం, జి02, జి03 అంటే చాపం వెంట తిరగడం, ఎం03 అంటే స్పిండిల్‌ను తిప్పడం, ఎం30 అంటే పని ముగించడం. యంత్రం ఈ భాషను తు.చ. తప్పక పాటిస్తుంది. తప్పు చెప్పినా అంతే శ్రద్ధగా పాటిస్తుంది. జాబ్ ఎక్కడ మొదలవుతుందో చూపే సున్నా గుర్తును ఆపరేటర్ పొరపాటుగా పెడితే, కట్టర్ వైస్‌ను ఢీకొని విరిగిపోతుంది.

గడుల కత్తి

స్వీడన్‌కు చెందిన మోజాంగ్ సంస్థ 2011లో పూర్తి రూపంలో విడుదల చేసిన మైన్‌క్రాఫ్ట్ ఆటలోని వజ్రపు కత్తిని ఉదాహరణగా తీసుకొందాం. చిన్న చిన్న చదరపు గడులతో, మెట్లు మెట్లుగా కనిపించే కత్తి ఇది. దీని బొమ్మ అడ్డం 16 గడులు, నిలువు 16 గడులు గల చదరంలో ఏటవాలుగా అమరి ఉంటుంది. ఆటగాని చేతిలో కనిపించేటప్పుడు దీని మందం ఒక్క గడి. ఇంతకన్న సులభమైన ఆకారం మరొకటి లేదని చూడగానే అనిపిస్తుంది.

మొదటి ప్రశ్న కొలతది. ఒక గడి 30 మి.మీ. అనుకొంటే చదరపు భుజం 480 మి.మీ. అవుతుంది. మూల నుండి మూలకు కొలిస్తే దాదాపు 68 సెం.మీ. చేతికి తగిన పొడవే. కాని ఒక్కొక్క గడి ఘనపరిమాణం 27 ఘన సెంటీమీటర్లు. అల్యూమినియంతో చేస్తే అది సుమారు 73 గ్రాములు తూగుతుంది. ఇటువంటి గడులు వంద ఉన్నాయంటే బరువు 7 కిలోలు దాటుతుంది. ఆ కత్తిని ఎత్తి పట్టుకొని వేడుకలో తిరగడం కష్టం. గడిని 20 మి.మీ.కు తగ్గిస్తే వంద గడులకు 2 కిలోల పైచిలుకు మాత్రమే. అయితే మూల నుండి మూలకు కొలత 45 సెం.మీ.కు పడిపోతుంది. 30 మి.మీ. గడినే ఉంచి ఎం.డి.ఎఫ్. పలకతో చేస్తే బరువు ఇంచుమించు అంతే ఉంటుంది, కాని లోహపు చల్లదనం, గట్టితనం పోతాయి. వీటిలో ఏది ఎన్నుకోవాలో ఆట చెప్పదు, కంప్యూటరూ చెప్పదు. చేయువాడే నిర్ణయించుకోవాలి. ఇక్కడ 20 మి.మీ. గడిని, అల్యూమినియం పలకను ఎన్నుకొన్నామని అనుకొందాం.

లోమూలలో చిక్కు

మెట్ల ఆకారంలో వెలుపలికి పొడుచుకొని వచ్చే మూలలు, లోపలికి పోయే మూలలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. వెలి మూలను కట్టర్ చుట్టూ తిరిగి చక్కగా చెక్కగలదు. లోమూలను మాత్రం చెక్కలేదు. కట్టర్ గుండ్రనిది కనుక, లోమూలలో దాని అర్ధవ్యాసమంత గుండ్రదనం మిగిలిపోతుంది. 12 మి.మీ. కట్టర్ వాడితే 6 మి.మీ., 4 మి.మీ. కట్టర్ వాడితే 2 మి.మీ. చొప్పున లోహం ఆ మూలలలో నిలిచి ఉంటుంది. సన్నని కట్టర్ మంచిదని తేలుతుంది గదా! కాని 20 మి.మీ. మందాన్ని 4 మి.మీ. కట్టర్‌తో చెక్కాలంటే, అది తన లావుకు ఐదు రెట్లు పొడవున బయటికి సాగి నిలవాలి. అప్పుడది ఒత్తిడికి వంగుతుంది, అదురుతుంది, విరిగే ప్రమాదమూ ఉంది.

దీనికి అనుభవజ్ఞులు అనుసరించే మార్గం ఉంది. తొలుత లావు కట్టర్‌తో ముతకగా లోహాన్ని తీసివేస్తారు. తరువాత సన్నని కట్టర్‌తో మూలలను మాత్రమే చెక్కుతారు. పలకను ఒక వైపు 10 మి.మీ. లోతు వరకు చెక్కి, తిప్పి బిగించి, రెండవ వైపు మిగిలిన 10 మి.మీ. చెక్కుతారు. తిప్పిన పలక పూర్వస్థానంలోనే కూర్చునేందుకు ముందే రెండు రంధ్రాలు వేసి పిన్నులు దించుతారు. ఈ జాగ్రత్త లోపిస్తే రెండు సగాలు కలిసే చోట ఒక గీత మిగులుతుంది. కన్ను పట్టలేని ఆ తేడాను గోరు పట్టుకొంటుంది.

వేగం సంగతి కూడా తెలియాలి. కట్టర్ అంచు నిమిషానికి 100 మీటర్ల దూరం తిరగాలనుకొంటే 12 మి.మీ. కట్టర్ నిమిషానికి సుమారు 2,650 చుట్లు తిరగాలి, 4 మి.మీ. కట్టర్ దానికి మూడు రెట్లు, అంటే 7,950 చుట్లు తిరగాలి. జాబ్ కదిలే వేగం ఈ చుట్లకు తగినట్లు ఉండాలి. మరీ ఎక్కువైతే పళ్లు విరుగుతాయి. మరీ తక్కువైతే పళ్లు చెక్కడం మాని రాపిడి చేస్తాయి. వేడెక్కిన అల్యూమినియం కరుచుకొని కట్టర్‌ను పట్టేస్తుంది. యంత్రం శబ్దం మారగానే అనుభవజ్ఞుడైన ఆపరేటర్ చేయి మీట వైపు పోతుంది. ఆ వినికిడి అంకెలలో దొరికేది కాదు.

ఆకురాయి

ఇంత చేసినా లోమూలలలో 2 మి.మీ. గుండ్రదనం అలాగే ఉంది. దానితో గడుల కత్తికి ఆ పోలిక రాదు. ఇక్కడ ఫిట్టర్ తన ఆకురాయిని చేతబట్టుకొంటాడు. ఒక అంచున పళ్లు లేని బల్లపరుపు ఆకురాయి ఈ పనికి తగినది. పళ్లు లేని అంచును ఒక గోడకు ఆనించి రెండవ గోడను రాస్తే, మొదటి గోడ చెక్కుచెదరదు. ఒక్కొక్క మూలను ఇలా చదును చేస్తూ, చిన్న మూలమట్టం పెట్టి వెలుతురుకు ఎత్తి చూస్తాడు. మూలమట్టానికీ లోహానికీ నడుమ వెలుతురు కనిపించకపోతే ఆ మూల సిద్ధమైనట్లే. కోట్ల గడులను క్షణంలో గీయగల కంప్యూటర్, దాని ఆజ్ఞను జవదాటని యంత్రం ఆగిపోయిన చోట, ఈ చిన్న పనిముట్టు పనిని ముగిస్తుంది. ఆపైన గరుకు కాగితంతో రుద్ది, లోహానికి రంగు పట్టేందుకు ప్రైమర్ పూసి, ఆటలోని నీలి ఛాయలు దిద్దుతారు.

ఈ జ్ఞానం కొత్తగా పుట్టినది కాదు. కొండపల్లి బొమ్మలు చేసే కళాకారుడు తేలికైన తెల్లపొణికి చెక్కనే ఎన్నుకోవడంలోనూ ఇదే వివేకం ఉంది. ఏ పదార్థం ఏ ఆకారానికి ఒప్పుకొంటుందో, ఎక్కడ ఎదురు తిరుగుతుందో తెలిసినవాడే శిల్పి. పనిముట్టు మారింది; ఆ ప్రశ్న మారలేదు.

కొన్ని జాగ్రత్తలు అత్యవసరం. తిరుగుతున్న కట్టర్ దగ్గర చేతి తొడుగులు, వదులు చొక్కాలు, వేలాడే జుట్టు ప్రమాదకరం. తొడుగు చిక్కుకొంటే చేయి కూడా దానితో పోతుంది. కంటికి అద్దాలు తప్పనిసరి. ప్రదర్శనకు చేసే కత్తికి పదును పెట్టరాదు. ఆటలోని రూపంపై హక్కు దానిని సృష్టించిన వారిది. ముచ్చటకు ఒకటి చేసుకోవడం వేరు, అనుమతి లేక చేసి అమ్ముకోవడం వేరు.

ముందున్న దారి

2023 మార్చిలో హైదరాబాదులోని రాయదుర్గంలో టి-వర్క్స్ అనే నమూనాల తయారీ కేంద్రం ప్రారంభమైంది. ఆలోచన ఉన్నవారు దానిని వస్తువుగా మలచుకొనేందుకు కావలసిన యంత్రాలను ఒక్క చోట సమకూర్చడం దాని ఆశయం. యంత్రాలు ఇలా అందుబాటులోకి వస్తున్న కొలదీ ఒక ప్రశ్న యువతరం ముందు నిలుస్తుంది. ఇతరులు వ్రాసిన ప్రోగ్రామును ఎక్కించి మీట నొక్కడం కొద్ది దినాలలో నేర్వవచ్చు. అంతటితో ఆగిన వాని స్థానంలో రేపు మరొక యంత్రం నిలువగలదు. బరువు ఎంచి, పదార్థం ఎన్నుకొని, శబ్దం విని, లోమూలను సరిచేయగల వానికి మాత్రం ఏ యంత్రం వచ్చినా అది చేతికి అందిన మరొక పనిముట్టు అవుతుంది. కుత్బుల్లాపూర్, బాలానగర్ షెడ్లలో పెద్దలు గడించిన విద్య ఇదే. అది పుస్తకంలో కొంత, చేతిలో కొంత ఉంటుంది. చేతిలోని భాగం పక్కన నిలబడి నేర్చుకొనే వారు ఉన్నంత కాలమే నిలుస్తుంది.

అర్థాలు

ప్రతిరూపం = ఒక వస్తువును పోలినట్లు చేసిన మరొక వస్తువు
మర్మం = రహస్యం, లోతైన కిటుకు
చాపం = వృత్తంలోని భాగం
ఘనపరిమాణం = వస్తువు ఆక్రమించే చోటు
ఆకురాయి = లోహాన్ని రాసి నునుపు చేసే పనిముట్టు
మూలమట్టం = మూల సరిగా ఉన్నదో లేదో చూసే సాధనం
జవదాటని = మీరని

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. తెర మీది కత్తిని లోహంలోకి తేవడంలో ఎదురయ్యే చిక్కులను, వాటిని అధిగమించే మార్గాలను వివరించండి.
2. కంప్యూటర్ యంత్రాలు వచ్చినా చేతిపని అవసరం తీరలేదని ఈ పాఠం ఎట్లు నిరూపించింది?

ఆ) సంక్షిప్త సమాధానాలు వ్రాయండి.
1. వీడియో ఆటను మయసభతో ఎందుకు పోల్చారు?
2. గడి కొలత మారితే కత్తి బరువు ఎట్లు మారుతుంది?
3. లోమూలలో గుండ్రదనం ఎందుకు మిగులుతుంది?

ఇ) ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఏ సంవత్సరంలో ఏర్పడింది?
2. జి01 అనే ఆజ్ఞకు అర్థమేమి?
3. కొండపల్లి బొమ్మలకు వాడే చెక్క ఏది?

ఈ) సంధులు
యంత్రోపకరణం = యంత్ర + ఉపకరణం – గుణసంధి
కర్మాగారం = కర్మ + ఆగారం – సవర్ణదీర్ఘసంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశసంధి

ఉ) సమాసాలు
కుడి ఎడమలు = కుడియును, ఎడమయును – ద్వంద్వ సమాసం
మూడు దిక్కులు = మూడు సంఖ్య గల దిక్కులు – ద్విగు సమాసం
లోహ స్వభావం = లోహము యొక్క స్వభావం – షష్ఠీ తత్పురుష సమాసం