రాతి నుండి కాంతికి

ఉదయగిరి దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుండి గెలుచుకొన్నాడు. ఉదయగిరి, ఆత్మకూరు మొదలైన తాలూకాలలో లభించిన శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి సేకరించి, 1905లో నెల్లూరు జిల్లా శాసన సంపుటాలుగా ప్రచురించారు. ఆనాటి దానాలు, హద్దులు, పాలకుల పేర్లు అందువల్లనే నేడు మనకు తెలుస్తున్నాయి. రాయి మన్నికైనదే కాని, దానిపై చోటు తక్కువ. ఉలి పైపొరను మాత్రమే తాకగలదు. రాతి లోపలి భాగమంతా వ్రాతకు నిరుపయోగమే.

కంప్యూటరుకు కూడా ఇటువంటి చిక్కే ఎదురైంది. హార్డ్‌డిస్క్, కాంపాక్ట్ డిస్క్ వంటివి సమాచారాన్ని ఉపరితలపు పొరలలోనే దాచుకొంటాయి. లోతును సైతం వాడుకొనే మార్గాన్ని హోలోగ్రఫీ చూపింది. హంగరీలో జన్మించిన డెనిస్ గేబర్ 1947లో దీనిని కనుగొన్నాడు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిని మెరుగుపరచడం అప్పటి ఆయన ఉద్దేశం. సమాచార నిల్వ ఆయన తలపులోనే లేదు! 1971లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. హోలోగ్రఫీతో సమాచారాన్ని ఘనపదార్థం లోపల దాచవచ్చునని 1963లో వాన్ హీర్డెన్ ప్రతిపాదించాడు.

ఈ పద్ధతిలో లేజర్ కిరణాన్ని రెండుగా చీలుస్తారు. ఒకటి చదరంగపు బల్లను పోలిన తెర గుండా ప్రయాణిస్తుంది. అందలి నలుపు తెలుపు గళ్ళే సున్నలు, ఒకట్లు. రెండవ కిరణం తెరతో పనిలేకుండా వచ్చి, స్ఫటికంలో మొదటిదానిని కలుసుకొంటుంది. అక్కడ ఏర్పడిన వెలుగునీడల చారలు స్ఫటికం లోతున ముద్రపడతాయి. రెండవ కిరణాన్ని మరల అదే కోణంలో ప్రసరింపజేస్తే పుట మొత్తం ఒక్కసారిగా ప్రత్యక్షమవుతుంది. కోణాన్ని రవంత మారిస్తే అదే చోట వేరొక పుటను వ్రాయవచ్చు. ఒకే బండపై వంద శాసనాలు చెక్కి, నిలిచిన తావును బట్టి ఒక్కొక్కదానిని చదివినట్లన్నమాట! పైగా ప్రతి అక్షరమూ ఆ ముద్ర అంతటా వ్యాపించి ఉంటుంది. రాతిపై గీత పడితే అక్కడి అక్షరం చెరిగిపోతుంది. హోలోగ్రామ్‌పై గీత పడితే పుట కొంత మసకబారుతుంది.

ఇన్ని సుగుణాలున్నా ఈ పద్ధతి బజారులో నిలవలేదు. బెల్ ప్రయోగశాలల నుండి 2000లో వెలువడిన ఇన్‌ఫేజ్ సంస్థ 300 గిగాబైట్ల డిస్క్‌ను రూపొందించింది. అయితే వ్రాసేటప్పుడు అందులోని పదార్థం ఏ కొంచెం కుంచించుకొన్నా చదివే కోణం తప్పుతుంది. ఈలోగా హార్డ్‌డిస్కులు చవక కాసాగాయి. ఇన్‌ఫేజ్ మూతపడింది. శాసనం చదవడానికి లిపి తెలిస్తే చాలు. హోలోగ్రామ్‌కు తగిన లేజర్, తగిన యంత్రం కూడా కావాలి. ఆ యంత్రమే కరవైతే డిస్క్ ఎంత మన్నికైనదైనా మూగదే. 2020లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ఈ ప్రయత్నాన్ని మరల చేపట్టినట్లు ప్రకటించారు. వారు ఎంచుకొన్నది ఇంటింటి కంప్యూటరును కాదు, ఒకేచోట వేలాది యంత్రాలు పనిచేసే సమాచార కేంద్రాలను.