ఆసుపత్రి దగ్గరే, వైద్యం దూరం



పేద దేశాలలో జబ్బుపడిన మనిషికి వైద్యం ఎందుకు అందదు? ఈ ప్రశ్న అడిగితే మనలో చాలామంది చెప్పే జవాబు ఒకటే: "అక్కడ ఆసుపత్రులు లేవు, డాక్టర్లు లేరు." ఈ జవాబు కొంతవరకు నిజమే. కాని ఆసుపత్రి ఉన్నచోట కూడా పేదవాడు వైద్యం లేకుండా మిగిలిపోవడం మనం చూస్తూనే ఉన్నాం. దీనిని అర్థం చేసుకోవడానికి దూరదేశాలకు పోనక్కరలేదు. మన రామగుండం, గోదావరిఖని ప్రాంతాన్ని చూస్తే చాలు. ఈ వారం మన అధ్యయనానికి అదే పాఠం.

నేల కింద సిరి

ఇల్లెందు ప్రాంతంలో 1871లో బొగ్గు నిల్వలు కనుగొన్నారు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో ఏర్పడింది. నేడు ఇందులో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్ర ప్రభుత్వానికి 49 శాతం వాటా ఉన్నాయి. గోదావరి ఒడ్డున బొగ్గుబాయిలు తెరిచిన తరువాత గోదావరిఖని పట్టణంగా పెరిగింది. రామగుండం ఎన్.టి.పి.సి. విద్యుత్ కేంద్రానికి 1978లో శంకుస్థాపన జరిగి, 1983లో మొదటి యూనిట్ పనిలోకి వచ్చింది. ఎరువుల కర్మాగారం 1980లో ఉత్పత్తి మొదలుపెట్టి, 1999లో మూతపడి, కొత్త సంస్థగా 2021లో తిరిగి తెరుచుకున్నది. బొగ్గు, కరెంటు, ఎరువు మూడూ ఒకేచోట తయారయ్యే ప్రాంతాలు దేశంలో అరుదు.

వైద్యశాలలకు కూడా ఇక్కడ కొదవలేదు. గోదావరిఖనిలో సింగరేణి ఏరియా ఆసుపత్రి ఉంది. ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. 2022 నవంబరు 15న రామగుండంలో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా ప్రారంభమైంది. దానికి సింగరేణి ఆర్థిక సహాయం అందించింది. మరి ఇన్ని ఉండగా ఒక కుటుంబం జ్వరానికో, గుండెనొప్పికో అప్పులపాలు ఎందుకవుతున్నది?

ఒకే బాయి, రెండు రకాల కార్మికులు

1990ల ఆరంభంలో సింగరేణిలో లక్షకు పైగా పర్మినెంటు కార్మికులు ఉండేవారు. 2024 నాటికి ఆ సంఖ్య సుమారు 42 వేలకు తగ్గింది. బొగ్గు ఉత్పత్తి మాత్రం ఈ కాలంలో సుమారు మూడు రెట్లు పెరిగి, 2023-24లో 7 కోట్ల టన్నులకు చేరింది. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్టులు వచ్చాయి. వాటిలో మట్టి తీసే పని ఎక్కువగా ప్రైవేటు కాంట్రాక్టర్ల చేతిలో ఉంది. ఊడ్చే పని, కాపలా, డ్రైవరు పని వంటి ఎన్నో పనులు కాంట్రాక్టు కార్మికులు చేస్తున్నారు. వీరి సంఖ్య 25 వేలకు పైమాటే.

పర్మినెంటు కార్మికునికి, అతని కుటుంబానికి కంపెనీ ఆసుపత్రిలో వైద్యం ఒక హక్కు. పెద్ద జబ్బయితే హైదరాబాదులోని పెద్ద ఆసుపత్రికి పంపుతారు. అదే బాయి దుమ్ము పీల్చే కాంట్రాక్టు కార్మికుని భార్యాపిల్లలకు ఆ హక్కు అదే విధంగా లేదు. 2022 సెప్టెంబరులో కాంట్రాక్టు కార్మికులు 18 రోజులు సమ్మె చేశారు. లాభాల వాటా ప్రకటించిన 2024 సెప్టెంబరులో పర్మినెంటు కార్మికునికి సగటున 1 లక్షా 90 వేల రూపాయలు వచ్చాయి. కాంట్రాక్టు కార్మికునికి 5 వేలు ఇచ్చారు. సంస్థ చరిత్రలో వారికి అలా ఇవ్వడం అదే మొదటిసారి. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. ఆసుపత్రి గుమ్మం దగ్గర కనబడే తేడా ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది.

జబ్బు అప్పుగా మారే తీరు

ఒక ఉదాహరణ తీసుకుందాం. కాంట్రాక్టు పనికి వెళ్ళే ఒక తండ్రికి ఛాతీలో నొప్పి వచ్చిందనుకోండి. మొదటి రోజు పనికి నాగా పెడితే ఆ రోజు కూలి పోతుంది. కాబట్టి ఆయన నొప్పిని దాచుకుని పనికి పోతాడు. నాలుగు రోజులకు బస్తీలోని ఆర్.ఎం.పి. దగ్గర సూది వేయించుకుంటాడు. తగ్గకపోతే ప్రైవేటు ఆసుపత్రిలో పరీక్షలు. అక్కడి నుండి అరవై కిలోమీటర్లకు పైగా ఉన్న కరీంనగర్, లేదా ఇంకా దూరాన ఉన్న హైదరాబాదు. ప్రయాణం, పరీక్షలు, మందులు, వెంట ఉండేవారి తిండి, వారి కూలి నష్టం కూడా ఖర్చే. అసలు చికిత్స మొదలు కాకముందే గిరిగిరి వ్యాపారి ఇంటికి వస్తాడు. ఏటీఎం కార్డు తాకట్టులోకి పోతుంది. తరువాత బిడ్డ కాలేజీ ఫీజు ఆగుతుంది.

గమనించండి. ఇక్కడ కుటుంబాన్ని కూల్చింది జబ్బు ఒక్కటే కాదు, ఆలస్యం. ఆలస్యానికి కారణం అజ్ఞానం కాదు, కూలి పోతుందన్న భయం. "పేదలకు ఆరోగ్య జ్ఞానం లేదు" అని మనం తేలికగా అనేస్తాం. జ్ఞానం ఉన్నా ఒక రోజు కూలి వదులుకోలేని స్థితి ఉంటుందని మరచిపోతాం.

దుమ్ము చేసే పని

బొగ్గు దుమ్ములో కంటికి కనబడని సన్నని రేణువులు ఊపిరితిత్తుల లోపలి పొరల దాకా చేరుతాయి. ఏళ్ళ తరబడి అవి అక్కడ పేరుకుంటే ఊపిరితిత్తి గట్టిపడుతుంది. దీనిని వైద్యులు న్యూమోకోనియోసిస్ అంటారు. గట్టిపడిన భాగాన్ని మామూలుగా చేసే మందు లేదు. ముందుగా గుర్తించి, దుమ్ము నుండి మనిషిని దూరం చేయడమే మార్గం. దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం చూసి దీనిని క్షయ అని పొరబడటమూ, క్షయ ఉన్నా దుమ్ము దగ్గేలే అని వదిలేయడమూ రెండూ జరుగుతుంటాయి.

అందుకే 1955 నాటి గనుల నిబంధనలు పనిలో చేరేటప్పుడు, ఆ తరువాత ఐదేళ్లకు మించకుండా వైద్య పరీక్ష జరగాలని నిర్దేశించాయి. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతి కూడా నిర్ణయించిన తరగతుల వారికి ఏటా ఉచిత పరీక్షను యజమాని బాధ్యతగా పేర్కొన్నది. కాని కాంట్రాక్టరు మారినప్పుడల్లా పని చోటు మారే మనిషికి, పదేళ్ళ క్రితపు ఎక్స్‌రే ఎవరి దగ్గర ఉంటుంది? పాత కాగితం లేకపోతే, జబ్బు బాయి వల్ల వచ్చిందని నిరూపించడం ఎంతో కష్టం.

పర్మినెంటు కార్మికుడు కూడా రిటైరయ్యాక నిశ్చింతగా ఉండలేడు. 1998లో వచ్చిన బొగ్గు గనుల పింఛను పథకంలో పింఛను ధరలతో పాటు పెరగదు. ముప్పై ఏళ్లు బాయిలో దిగిన మనిషి ముసలితనంలో ఆక్సిజన్ యంత్రానికి కొడుకు ముఖం చూడవలసి వస్తున్నది.

పథకాలు, వాటి హద్దులు

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల ఎందరో పేదల ప్రాణాలు నిలిచాయి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి దాని పరిమితి 10 లక్షలకు పెరిగింది. ఇది మెచ్చుకోదగిన మేలు. అయితే ఈ పథకం ముఖ్యంగా ఆసుపత్రిలో చేరిన వారికి, జాబితాలో ఉన్న చికిత్సలకు వర్తిస్తుంది. బి.పి., షుగరు వంటి జబ్బులకు నెలనెలా కొనే మాత్రల భారం అలాగే ఉంటుంది. బకాయిలు రాలేదని 2025 సెప్టెంబరులో ప్రైవేటు ఆసుపత్రులు ఈ సేవలను నిలిపివేశాయి. కార్డు చేతిలో ఉన్నా తలుపు మూసుకుపోవచ్చునని అప్పుడు తెలిసింది.

ప్రపంచం మొత్తం ఇదే కథ. 1978లో అల్మా ఆటాలో సమావేశమైన దేశాలు 2000 నాటికి అందరికీ ఆరోగ్యం అన్న లక్ష్యాన్ని చాటాయి. 2001లో ఆఫ్రికా దేశాధినేతలు అబుజాలో తమ బడ్జెట్‌లో 15 శాతం ఆరోగ్యానికి కేటాయిస్తామని మాట ఇచ్చారు. ఎక్కువ దేశాలు ఆ మాట నిలబెట్టుకోలేకపోయాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ బ్యాంకు 2023లో వెలువరించిన నివేదిక ప్రకారం సుమారు 450 కోట్ల మందికి అవసరమైన వైద్య సేవలు పూర్తిగా అందడం లేదు. మన దేశంలో 2013-14లో మొత్తం వైద్య ఖర్చులో 64 శాతం ప్రజలు సొంత జేబు నుండి పెట్టుకున్నారు. 2021-22 నాటికి అది 39 శాతానికి తగ్గింది. ఇది మంచి మార్పే. కాని ఆ 39 శాతం బరువు సంపన్నుని జేబు మీద ఒక తీరుగా, కూలివాని జేబు మీద ఇంకొక తీరుగా పడుతుంది.

అభివృద్ధికి కొలత ఏది?

మంచి సమరీయుని కథ మనకందరికీ తెలుసు. అతడు గాయాలు కట్టి ఊరుకోలేదు. గాయపడినవాణ్ణి సత్రానికి చేర్చి, రెండు నాణేలు చెల్లించి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానని సత్రం యజమానికి మాట ఇచ్చాడు. అంటే బిల్లు సంగతి కూడా ఆయన ఆలోచించాడు. 23వ జాన్ పోపు గారు 1963లో వెలువరించిన శాంతి విశ్వలేఖలో తిండి, బట్ట, నీడలతో పాటు వైద్యాన్ని కూడా మనిషి హక్కుల్లో చేర్చారు. హక్కు అంటే పర్మినెంటు వారికి ఒకటి, కాంట్రాక్టు వారికి ఒకటి అని కాదు.

కాబట్టి ఎన్ని టన్నుల బొగ్గు తీశాం, ఎన్ని మెగావాట్లు వెలిగించాం, ఎన్ని పడకలు వేశాం అన్నవి అభివృద్ధికి సగం లెక్కే. ఆ పడక దాకా కూలివాడు అప్పు చేయకుండా, ఆలస్యం కాకుండా చేరగలిగాడా అన్నది మిగిలిన సగం.

మన విచారణలో ఏమి చేయగలం?

మొదటిది: ప్రతి కుటుంబం ఒక సంచిలో రేషను కార్డు, ఆధారు, వేతన చీటీలు, పి.ఎఫ్. నంబరు, పాత ఎక్స్‌రేలు, పరీక్ష రిపోర్టులు భద్రపరచాలి. బాయిలో వైద్య పరీక్ష జరిగితే దాని నకలు అడిగి తీసుకోవాలి.

రెండవది: రెండు వారాలకు మించి దగ్గు ఉంటే వెంటనే ప్రభుత్వ ఆసుపత్రిలో తెమడ పరీక్ష చేయించాలి. క్షయకు పరీక్ష, మందులు అక్కడ ఉచితం. ఏ పని ఎన్నేళ్ళు చేశారో డాక్టరుకు తప్పక చెప్పాలి.

మూడవది: విచారణలో చిన్న వైద్య నిధి ఏర్పాటు చేసుకోవచ్చు. మొదటి రోజు ఆటో కిరాయి, పరీక్షల ఖర్చు వడ్డీ లేకుండా దొరికితే గిరిగిరి గుమ్మం తొక్కే అవసరం తగ్గుతుంది. చదువుకున్న యువతీయువకులు రోగి వెంట వెళ్ళి ఆరోగ్యశ్రీ కౌంటరు దగ్గర కాగితాలు చూసిపెట్టవచ్చు.

నాల్గవది: కంపెనీ వైద్యం ఉన్న కుటుంబాలు, యూనియన్లలో ఉన్న పెద్దలు, కాంట్రాక్టు కార్మికుల వైద్యం కోసం కూడా గొంతు విప్పాలి. ఆదివారం మనం ఒకే బెంచీ మీద కూర్చుంటాం. సోమవారం జబ్బు చేస్తే వేర్వేరు గుమ్మాలకు వెళ్తాం. ఈ సంగతి మనకు మామూలుగా అనిపించకూడదు.

కుటుంబంలో చర్చించండి

1. మన వీధిలో కంపెనీ వైద్యం లేని కుటుంబాలు ఎన్ని? వారికి పోయినసారి జబ్బు చేసినప్పుడు ఖర్చు ఎలా గడిచింది?

2. మన ఇంట్లో ఎవరైనా కూలి పోతుందని, ఖర్చవుతుందని జబ్బును దాచుకుంటున్నారా?

3. విచారణ వైద్య నిధి మొదలుపెడితే నెలకు మన కుటుంబం ఎంత ఇవ్వగలదు?