షుగరు ఉన్నవారికి బరువు తగ్గించే ఆపరేషన్ – ఇంటివారు తెలుసుకోవలసిన సంగతులు

"సార్, పట్నంలో ఏదో ఆపరేషన్ చేస్తే షుగరు పోతుందంట గదా, మా అమ్మకు చేయించమంటారా?" రోగి మంచం పక్కన కూర్చున్న కొడుకులు, కోడళ్ళు ఈ మధ్య తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది. పెద్దారవీడు మండలంలో గానీ, మార్కాపురం, గిద్దలూరు వైపు గానీ షుగరు లేని ఇల్లు వెదకవలసిన కాలం వచ్చింది. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్నారు. కనుక ఈ ప్రశ్నకు కొంచెం వివరంగానే జవాబు చెప్పుకుందాము.

ఇది ఏ ఆపరేషన్?

దీనిని బేరియాట్రిక్ సర్జరీ అంటారు. ముఖ్యంగా రెండు రకాలు చేస్తున్నారు. మొదటిది స్లీవ్. ఇందులో జీర్ణాశయాన్ని నిలువుగా కోసి, సుమారు మూడు వంతులకు పైగా తీసివేస్తారు. మిగిలినది అరటికాయంత సన్నని గొట్టంలా ఉంటుంది. రెండవది బైపాస్. ఇందులో జీర్ణాశయం పైభాగంలో చిన్న సంచిని మాత్రం ఉంచి, దానిని నేరుగా చిన్నప్రేవుకు కలుపుతారు. తిన్న ఆహారం ప్రేవు మొదటి భాగాన్ని తాకకుండా కిందికి పోతుంది.

తక్కువ తినడం వల్లనే షుగరు తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. అది సగం మాత్రమే నిజం. ఆహారం ప్రేవులోకి త్వరగా చేరినప్పుడు అక్కడ ఊరే కొన్ని హార్మోన్లు పెరిగి, క్లోమ గ్రంథిని ఇన్సులిన్ విడుదల చేయమని ప్రేరేపిస్తాయి. అందుకే కొందరిలో బరువు ఇంకా తగ్గకముందే, ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే షుగరు దిగిపోతుంది. చూసేవారికి ఇది వింతగా ఉంటుంది. మందుల విషయంలో ఇదే ప్రమాదం కూడా. ఆ సంగతి తరువాత చెబుతాము.

కొవ్వు పీల్చివేసే లైపోసక్షన్ వేరు, ఇది వేరు. తెలుగు సినిమా నటి ఆర్తి అగర్వాల్ 2015 జూన్ 6న అమెరికాలోని న్యూజెర్సీలో 31 ఏళ్ళకే చనిపోయినప్పుడు, అంతకు కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకున్నట్లు పత్రికలు వ్రాశాయి. అప్పటినుండి "బరువు తగ్గే ఆపరేషనా, వద్దు బాబోయ్" అనేవారు ఎక్కువయ్యారు. లైపోసక్షన్ చర్మం కింది కొవ్వును తీసేది. దానివల్ల షుగరు తగ్గదని 2004లోనే అమెరికా వైద్యులు పరీక్షించి చూపించారు. పొట్ట మీద నుండి సుమారు 10 కిలోల కొవ్వు తీసినా ఇన్సులిన్ పనితీరు మెరుగుపడలేదు. కనుక షుగరు కోసం ఎవరైనా లైపోసక్షన్ చేస్తామంటే లేచి వచ్చేయండి.

ఎవరికి పనికి వస్తుంది?

సన్నగా ఉండి షుగరు వచ్చినవారికి, చిన్నతనం నుండి ఇన్సులిన్ మీదనే బ్రతుకుతున్న టైప్ 1 వారికి షుగరు పోగొట్టుకోవడానికి ఈ ఆపరేషన్ పనికిరాదు. టైప్ 2 షుగరుతో పాటు ఊబకాయం ఉన్నవారికే దీనిని ఆలోచిస్తారు. ఊబకాయాన్ని బి.ఎం.ఐ. అనే లెక్కతో కొలుస్తారు. బరువును కిలోలలో వేసుకుని, దానిని మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. మన ఆసియా వారికి తక్కువ బరువులోనే షుగరు వస్తుంది గనుక, 2016లో ప్రపంచ మధుమేహ సంఘాలు కలిసి ఒప్పుకున్న సూచనల్లో మనకు హద్దులు తగ్గించారు. బి.ఎం.ఐ. 37.5 దాటితే ఆపరేషన్ సిఫారసు చేయవచ్చు. 32.5 దాటి, మందులు సరిగా వాడినా షుగరు అదుపులో లేకపోతే అప్పుడు కూడా సిఫారసు చేయవచ్చు. 27.5 నుండి 32.5 మధ్య ఉన్నవారి విషయంలో, మందులతో అదుపు కానప్పుడు, ఆలోచించవచ్చు.

ఉదాహరణకు 160 సెంటీమీటర్లు, అనగా సుమారు అయిదడుగుల మూడంగుళాలు ఉన్న ఇల్లాలికి 32.5 అంటే 83 కిలోలు, 37.5 అంటే 96 కిలోలు.

ఇక్కడ బీమా లెక్క వేరు. 2019లో బీమా నియంత్రణ సంస్థ ఇచ్చిన నిబంధన ప్రకారం ప్రైవేటు పాలసీలు ఈ ఆపరేషన్‌కు డబ్బు ఇవ్వాలంటే బి.ఎం.ఐ. 40 ఉండాలి. లేదా అదుపు కాని టైప్ 2 షుగరు వంటి జబ్బుతో 35 అయినా ఉండాలి. పై ఇల్లాలికి 35 అంటే సుమారు 90 కిలోలు. 85 కిలోల మనిషికి డాక్టరు "అవసరమే" అనవచ్చు, బీమా వారు "కుదరదు" అనవచ్చు. ఇది తెలియక అడ్వాన్సు కట్టి చిక్కుల్లో పడవద్దు. పాలసీలో ముందునుండి ఉన్న జబ్బులకు ఎన్నాళ్ళు ఆగాలో కూడా చదివించుకోండి. పూర్వం ఆరోగ్యశ్రీగా ఉండి 2024 నుండి డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవగా పిలుస్తున్న పథకం కార్డు ఉన్నవారు ఆసుపత్రిలోని వైద్యమిత్రను ముందుగానే అడిగి, జవాబు కాగితం మీద వ్రాయించుకోండి. పొలం అమ్మే మాట ఆ తరువాతనే.

షుగరు నిజంగా పోతుందా?

స్వీడన్ దేశంలో ఊబకాయులను ఏళ్ళ తరబడి వెంబడించి చూసిన పెద్ద పరిశీలన ఒకటి ఉంది. ఆపరేషన్ చేయించుకున్న షుగరు రోగుల్లో రెండేళ్ళకు నూటికి 72 మందికి షుగరు కనబడకుండా పోయింది. పదిహేనేళ్ళకు అలా మిగిలినవారు నూటికి 30 మంది. అవి అప్పటి పాత పద్ధతుల ఆపరేషన్లు. అయినా సంగతి అర్థమవుతుంది. షుగరు కొందరిలో దాగి, మరల వస్తుంది. అలా తిరిగి వచ్చినా, అంతకాలం తగ్గి ఉన్నందుకు కండ్లు, మూత్రపిండాలు, నరాల దెబ్బ సుమారు సగానికి తగ్గిందని ఆ పరిశీలనే చెప్పింది. ఇది చిన్న లాభం కాదు.

షుగరు వచ్చి నాలుగైదేళ్ళే అయినవారికి, ఇన్సులిన్ ఇంకా మొదలుపెట్టనివారికి ఫలితం బాగుంటుంది. ఇరవై ఏళ్ళుగా ఇన్సులిన్ పొడుచుకుంటున్న పెద్దవారికి మోతాదు తగ్గవచ్చు గానీ పూర్తిగా మానడం అరుదు. కొత్తగా షుగరు వచ్చినవారు కఠినమైన ఆహార నియమంతోనే బరువు తగ్గించుకుని షుగరును వెనక్కు పంపిన దాఖలాలు కూడా ఉన్నాయి. 2017లో ఫలితాలు వెలువడిన బ్రిటన్ పరీక్షలో ఏడాదికి దాదాపు సగం మంది అలా సాధించారు. 2025 నుండి మన దేశంలో టిర్జెపటైడ్ వంటి వారానికొకసారి తీసుకునే ఇంజెక్షన్లు కూడా దొరుకుతున్నాయి. ఆపరేషన్ ఒక్కటే దారి అని ఎవరైనా అంటే, రెండవ డాక్టరును అడగండి.

ఇంటికి తెచ్చిన తరువాత

ఈ ఆపరేషన్లు గుంటూరు, విజయవాడ, హైదరాబాదు వంటి పట్టణాలలో జరుగుతాయి. మూడు నాలుగు రోజులకు ఇంటికి పంపుతారు. ఆ తరువాత రోగిని చూసుకోవలసింది మీరే. కనుక మొదటి వారం పది రోజులు ఆ పట్టణంలోనే బంధువుల ఇంట ఉండడం మంచిది. కుట్టు దగ్గర కారడం మొదలైతే జ్వరం, గుండె దడ, కడుపునొప్పి, ఎడమ భుజం నొప్పి, ఆయాసం కనబడతాయి. నాడి నిమిషానికి 120 దాటితే తెల్లవారే దాకా ఆగవద్దు. ఒక కాలి పిక్క వాచి నొప్పి పెడితే అది కూడా తొందరపడవలసిన సంగతే.

మొదట పలుచని ద్రవాలు, తరువాత మెత్తగా చేసినవి, సుమారు నెల దాటాక మామూలు ఆహారం కొద్దికొద్దిగా. మన ప్రాంతంలో ఒక చిక్కు ఉంది. సంగటిని మనం నమలము, ముద్ద చేసి మింగుతాము. చిన్నప్పటినుండి వచ్చిన అలవాటు అది. ఆపరేషన్ అయినవారికి అలా మింగిన ముద్ద అడ్డుపడి వాంతి చేయిస్తుంది. జొన్న సంగటి అయినా, రాగి సంగటి అయినా, అన్నమైనా చాలా కాలం వెనక్కు పెట్టి, తిన్నప్పుడు చిన్న ముద్దను పిండి అయ్యేదాకా నమలాలి. ముందు మాంసకృత్తులు తినాలి, ఆ తరువాతే గింజలు. రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఒక గ్రుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో సుమారు 6 గ్రాములు ఉంటాయి. పెరుగు, పెసరపప్పు కట్టు, కందిపప్పు, మెత్తగా ఉడికిన చేప ఇవన్నీ కలిపితే తప్ప ఆ లెక్క పూర్తి కాదు. "బాగా నీరసించింది, ఇంత పాయసం పెడదాం" అనే అత్తగారి ప్రేమను మాత్రం మెల్లగా ఆపాలి. బైపాస్ అయినవారికి తీపి తిన్న వెంటనే చెమటలు, దడ, విరేచనం వస్తాయి.

నీళ్ళు భోజనంతో కలిపి త్రాగకూడదు. అరగంట ఎడం ఉంచి, గుటక గుటకగా రోజుకు లీటరున్నరకు తగ్గకుండా త్రాగించాలి. మే నెల ఎండలో పొలం పనికి పోయేవారికి ఇంకా ఎక్కువ కావాలి. మన పశ్చిమ ప్రకాశం బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి పట్టణంలోని సర్జనుకు తెలియకపోవచ్చు. మోకాళ్ళ నొప్పులు, నడుము బిగుసుకోవడం ముందునుండి ఉంటే ఆయనకు చెప్పండి. ఎందుకంటే ఆపరేషన్ తరువాత ఎముకలకు సున్నం అందడం మరింత తగ్గుతుంది.

కాల్షియం, డి విటమిన్, ఇనుము, బి12, ఫోలిక్ ఆమ్లం జీవితాంతం వాడవలసి ఉంటుంది. (ఆ ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసిన అమెరికా బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే.) ఇనుము మాత్రకు, కాల్షియం మాత్రకు మధ్య రెండు గంటలు ఉండాలి. మెట్‌ఫార్మిన్ వాడేవారికి బి12 ముందే తక్కువగా ఉంటుంది గనుక ఏడాదికొకసారైనా పరీక్ష చేయించండి.

వాంతులు – సెలైన్ సీసా

ఈ వ్యాసంలో మిగతాది మరచినా ఇది మరువవద్దు. ఆపరేషన్ అయిన తొలి నెలల్లో రోజుల తరబడి వాంతులు అయితే శరీరంలో బి1 విటమిన్ అడుగంటుతుంది. ఆ స్థితిలో ఊళ్ళో వైద్యుడిని పిలిచి గ్లూకోజు సెలైన్ పెట్టిస్తే, ఉన్న కాస్త బి1 కూడా ఖర్చయి మెదడుకు దెబ్బ తగలవచ్చు. ఒకటి రెండుగా కనబడడం, నడక తూలడం, మాట తికమక కావడం దాని గుర్తులు. ముందు బి1 ఇంజెక్షన్, ఆ తరువాతే గ్లూకోజు. "ఈమెకు పొట్ట ఆపరేషన్ అయింది, బి1 ఇచ్చారా?" అని అడగడానికి మొగమాటపడకండి. అలాగే నొప్పులకు డైక్లోఫెనాక్ సూది, మాత్ర వద్దని చెప్పండి. బైపాస్ అయినవారికి అది కడుపులో పుండు చేస్తుంది.

షుగరు మందులు

పాత చీటీ ప్రకారమే మాత్రలు వేయడం అన్నిటికంటే పెద్ద ముప్పు. తిండి నాలుగు చెంచాలకు తగ్గాక పాత మోతాదు ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ గానీ వేస్తే షుగరు పడిపోయి మనిషి స్పృహ తప్పుతాడు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు ఆపరేషన్‌కు కనీసం 3 రోజుల ముందే ఆపాలి. తరువాత ఎప్పుడు మొదలుపెట్టాలో, అసలు పెట్టాలో వద్దో డాక్టరే చెప్పాలి. గ్లూకోమీటరు కొని, మొదటి వారాల్లో రోజుకు మూడు నాలుగు సార్లు చూసి నోటుపుస్తకంలో వ్రాయండి. 70 కంటే తగ్గితే మూడు చెంచాల గ్లూకోజు కొలిచి ఇచ్చి, పావుగంటకు మరల చూసి, తరువాత గ్రుడ్డో పెరుగో పెట్టండి. ఏడాది రెండేళ్ళ తరువాత కూడా భోజనమైన రెండు గంటలకు చెమట, వణుకు వస్తుంటే డాక్టరుకు చూపాలి. షుగరు మాత్రలు మానినవారికి కూడా ఇలా రావచ్చు. షుగరు వేగంగా దిగినప్పుడు కంటి రెటీనా దెబ్బ కొందరిలో ముదురుతుంది గనుక ఆపరేషన్‌కు ముందు, తరువాత కంటి పరీక్ష చేయించండి.

ఉపవాస ప్రార్థనలు, శ్రమదినాల నియమాలు పాటించే కుటుంబాలకు ఒక మాట. నీళ్ళు కూడా త్రాగని ఉపవాసం ఈ రోగులకు, ముఖ్యంగా మొదటి ఏడాది, తగదు. శివరాత్రికి, రంజానుకు కూడా ఇదే వర్తిస్తుంది. పిల్లలు కావాలనుకునే స్త్రీలు ఏడాది నుండి ఏడాదిన్నర ఆగాలి.

చివరగా ఒక అట్టముక్క మీద ఇవి వ్రాయించి రోగి జేబులోనో, చేతిసంచిలోనో ఉంచండి: ఏ ఆపరేషన్, ఏ తేదీన, ఏ ఆసుపత్రిలో, సర్జను ఫోను నంబరు, ఇప్పుడు వాడుతున్న షుగరు మందులు, వాడకూడని నొప్పి మందులు, "గ్లూకోజుకు ముందు బి1" అనే మాట. దాని నకలు ఒకటి మా ఔట్‌పేషెంట్ విభాగంలో ఇస్తే మీ ఫైలులో పెట్టి ఉంచుతాము.