మంచుగా పుట్టే వేసవి వాన

ప్రొద్దుటూరు



హిమాలయ ప్రాంతంలో వసంతం వచ్చాక కూడా ఒక పూట ఎండ, మరుపూట మంచుజల్లు ఎందుకన్న ప్రశ్నకు జవాబు కాశ్మీరు దాకా వెళ్ళకుండా రాయలసీమలోని జమ్మలమడుగు ఆకాశంలోనే దొరుకుతుంది. కాని అంతకుముందు మంచు అన్న మాటను విడదీసుకోవాలి. తెల్లవారుజామున గడ్డిమీద నిలిచే నీటిబొట్లకూ, దారి కనపడకుండా కమ్ముకొనే తెల్లని పొగకూ, చలిదేశపు కొండలమీద దూదిపింజల్లా రాలేదానికీ తెలుగులో మంచే పేరు. ఈ మూడింటిలో చివరిదే హిమం, అంటే నీటి ఆవిరి నీరుగా మారకుండా నేరుగా గడ్డకట్టి ఆరు కోణాల స్ఫటికాలై, ఒకదానితో ఒకటి చిక్కుకొని రాలే పదార్థం. లంబసింగికి జనం చూడబోయేది పొగమంచునూ, బాగా చలి ముదిరిన రాత్రులలో ఆకులమీద పేరుకొనే తుషారాన్నీ తప్ప హిమాన్ని కాదు.

మధ్యధరా సముద్రం వైపు పుట్టి పడమటి గాలులతో భారతదేశానికి వచ్చే అల్పపీడన అలలను వాతావరణ శాస్త్రం పశ్చిమ అలజడులు అంటుంది. మార్చి, ఏప్రిల్ నెలలలోనూ ఇవి కాశ్మీరు, హిమాచల్ కొండలను తాకి, లోయలో వానను, ఎత్తున హిమాన్ని కురిపిస్తాయి. ఒకే మేఘం రెండు రకాలుగా కురవడానికి కారణం ఎత్తు. వాతావరణంలో కిలోమీటరు ఎత్తుకు సగటున 6.5 డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది. వేసవి మధ్యాహ్నం నేలకు దగ్గరి పొడిగాలిలో ఈ తగ్గుదల దాదాపు 10 డిగ్రీల దాకా ఉంటుంది. అందువలన కింద 40 డిగ్రీల ఎండ కాస్తున్నా రాయలసీమ మీద సుమారు 5 కిలోమీటర్ల ఎత్తున నీరు గడ్డకట్టే చలి ఉంటుంది, ఉరుముల మేఘం దానిని దాటి 12 కిలోమీటర్లకు పైగా పెరుగుతుంది. కనుక పులివెందుల మీద ఏప్రిల్‌లో మంచు కురవదనడం సరికాదు. కురుస్తుంది, నేలను చేరేలోగా కరిగి వాన అవుతుంది. ఈ సీమలో వేసవి ఉరుముల వాన చాలావరకు మంచుగానే పుడుతుంది. ఆ చల్లని పొరలోకి నేలే లేచి నిలబడిన చోటు హిమాలయం. ఎర్రమల, పాలకొండ శ్రేణులు అంత ఎత్తుకు లేవలేదు.

వసంతకాలపు నిలకడలేనితనానికి ఇక్కడి కారణం వేరు. దేశం నడిబొడ్డు నుండి వచ్చే పొడిగాలి, బంగాళాఖాతం నుండి వచ్చే తేమగాలి దక్కను మీద ఎదురుపడే పొడవాటి రేఖను ద్రోణి అంటారు. వేసవి వాతావరణ ప్రకటనలలో తరచు వినిపించే మాట ఇదే. ద్రోణి వెంబడి గాలి పైకి లేస్తుంది, కాగిన కొండవాలులు దానికి తోడవుతాయి. ద్రోణి కొంచెం తూర్పుకో పడమరకో జరిగినా ఒక ఊరికి వాన, పక్క ఊరికి వట్టి ఎండ. భరణి కురిస్తే ధరణి పండుతుందని సామెత. అయితే భరణి కార్తె నాటికి అరటి తోటలో గెల ఉన్న రైతుకు వడగండ్ల వలన, ఈదురుగాలి వలన అదే మేఘం భయం.

మేఘంలో సున్నా డిగ్రీలకు దిగువన కూడా గడ్డకట్టకుండా నిలిచే నీటి బిందువులు ఉంటాయి, వీటిని అతిశీతల నీరు అంటారు. పైకి ఎగదన్నే గాలిలో తేలుతున్న మంచుపలుకుకు ఈ బిందువులు తగిలి గడ్డకట్టగా, పొరమీద పొరగా వడగల్లు పెరుగుతుంది. బిందువు తగిలిన వెంటనే గడ్డకడితే లోపల గాలి బుడగలు చిక్కుకొని పొర పాలవలె తెల్లగా, నీరు ఎక్కువై మెల్లగా గడ్డకడితే అద్దంవలె తేటగా ఏర్పడుతుంది. వడగల్లు ఎన్నిసార్లు కిందికి దిగి మళ్ళీ పైకెగిరితే అన్ని పొరలన్న వివరణ ప్రచారంలో ఉన్నది గాని అది సంపూర్ణం కాదు. ఒకే ప్రయాణంలో నీరు ఎక్కువ, తక్కువ ఉన్న చోట్లను దాటినా పొరలు మారతాయి. హిమపు రేకు సెకనుకు మీటరు వేగంతో తేలుతూ దిగి కరిగిపోతుంది. సెంటీమీటరు వ్యాసం గల వడగల్లు దాదాపు 10 మీటర్ల వేగంతో పడుతుంది కనుక పూర్తిగా కరిగే వ్యవధి లేక నేలను చేరుతుంది.

పులివెందుల ప్రాంతంలో వడగండ్లకంటె ఎక్కువ నష్టం చేసేది వాటికి ముందు వచ్చే ఈదురుగాలి, దీనిని శ్రద్ధగా అర్థం చేసుకోవాలి. కుండలో నీరు చెమర్చి ఆరుతూ చల్లబడినట్లే, మేఘం కింద ఉన్న పొడిగాలిలో వానచినుకులు ఆవిరై ఆ గాలిని చల్లబరుస్తాయి. కరిగే వడగండ్లు గ్రాముకు 80 కెలోరీల చొప్పున వేడిని పీల్చుకొని మరింత చల్లబరుస్తాయి. చల్లబడి బరువెక్కిన ఆ గాలి కూలినట్లు కిందికి దిగి, నేలను తాకి నలువైపులా పరుగెత్తుతుంది. వేసవిలో ఈ సీమ గాలి ఎంత పొడిగా ఉంటే చినుకు అంత ఎక్కువగా ఆవిరవుతుంది, కనుక నాలుగు చినుకులు కూడా పడని చోట సైతం చెట్లు విరిగే గాలి వీస్తుంది. అరటిలో కాండంగా కనిపించేది ఒకదానిపై ఒకటి చుట్టుకొన్న ఆకుమట్టల దొంతర. చేవ ఉన్న మాను కాదు. తలమీద గెల బరువుతో ఉన్న చెట్టు ఆ గాలికి నడుము విరిగి పడుతుంది, పడిన గెల కొనేవాడుండడు. 2025 మార్చిలో లింగాల మండలంలో గాలివానకు అరటి తోటలు అలా నేలకూలాయి. ఏడాది పెట్టుబడి కోతకు కొద్ది రోజుల ముందు పావుగంటలో పోవడం ఏ లెక్కల పుస్తకంలోనూ సరిగా పట్టని నష్టం, కనుక వాతావరణం చదువుకొనేవారికి ఈ పావుగంటే ముఖ్యమైన పాఠ్యాంశం కావాలి. చీనీ (బత్తాయి) చెట్టు నిలబడుతుంది గాని కాయ రాలుతుంది, రాలని కాయపై వడగల్లు తగిలిన మచ్చ మిగులుతుంది.

జమ్మలమడుగులో ఉన్నవారు ఈ వేసవిలో చేయదగిన పని ఒకటి ఉన్నది. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లను లెక్కించి మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్నదో తెలుస్తుంది. ఆ సెకన్లు ముప్ఫైకి తగ్గగానే ఇంట్లోకి చేరాలి, చివరి ఉరుము తరువాత అరగంట దాకా ఆరుబయటికి రాకూడదు. గడప దగ్గరికి దొర్లి వచ్చిన వడగల్లును పొడిగుడ్డతో పట్టి కత్తితో రెండుగా కోస్తే పొరలు కనిపిస్తాయి. చల్లగాలి తగిలిన వేళ, తొలి చినుకు పడిన వేళ రెండింటినీ జమ్మలమడుగులో వ్రాసిపెట్టుకొని, ప్రొద్దుటూరులోనూ పులివెందులలోనూ ఉన్న బంధువులచేత అలాగే వ్రాయించాలి. జమ్మలమడుగుకు, ప్రొద్దుటూరుకు మధ్య దూరం సుమారు 20 కిలోమీటర్లు. పడమటి నుండి వచ్చిన గాలి మొదటి ఊరిని తాకిన 40 నిమిషాలకు రెండవదానిని తాకితే దాని వేగం గంటకు 30 కిలోమీటర్లని తేలుతుంది. పులివెందుల వేళ కూడా చేరితే గాలి వచ్చిన దిక్కును సైతం పటంమీద గీయవచ్చు.