కాలేయమున చేరు కొవ్వు

హైదరాబాదులో ఐ.టి. కొలువులు చేయు 345 మందిని పరీక్షింపగా సుమారు 84 శాతము మంది కాలేయమున కొవ్వు అధికముగా నున్నదని 2025లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది. గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఏ.ఐ.జి. ఆసుపత్రి వైద్యులతో కలసి జరిపిన పరిశీలన యిది. అందు 71 శాతము స్థూలకాయులు.

నెయ్యి, నూనె మానిన చాలునని పలువురు తలంతురు. అది సగము మాటయే. అన్నములోని పిండిపదార్థము ప్రేగులలో గ్లూకోజుగా మారి రక్తమున కలియును. క్లోమము స్రవించు ఇన్సులిను దానిని కండరములకు చేర్చును. కాలేయమును కొంత దాచుకొనును. ఆ దాపు సుమారు 100 గ్రాములే. పెద్ద గాదె కండరమే; అది పని చేసిననే ఖాళీ యగును. హైటెక్ సిటీ మేడలలో మెట్లెక్కు పనియు లేదు, లిఫ్టు కలదు! దినమెల్ల కుర్చీ విడువనివాని గాదె నిండియే యుండును. క్రొత్తగా వచ్చిన గింజకు చోటేది? మిగిలిన గ్లూకోజును కాలేయము కొవ్వుగా మార్చును. అంతట ఇన్సులిను మాట కండరము సరిగా వినదు. క్లోమము మరింత స్రవించును. ఆ ఇన్సులినే కాలేయమున కొవ్వు తయారీని హెచ్చించును. శీతలపానీయపు చక్కెరలోని ఫ్రక్టోజు చాలవరకు నేరుగా కాలేయమునకే పోవును.

మద్యము ముట్టనివారికిని ఈ వ్యాధి వచ్చును. తొలుత నొప్పి యుండదు. కొందరికి కాలక్రమమున కాలేయము గట్టిపడును. అయితే నడుచు కండరము ఇన్సులిను తోడు లేకనే గ్లూకోజును గైకొనగలదు. దేహభారములో 5 శాతము తగ్గినను కాలేయపు కొవ్వు తగ్గనారంభించును.